కంపన్న లెక్కపెట్టిన పదివేల కప్పలు

ఇందులో ప్రతి అక్షరం నిజం. నాకు మిగిలిన రెండు పళ్ల మీద ఒట్టు. ఒకటి కదులుతోంది గానీ ఒట్టుకు పనికొస్తుంది. నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు. ఎవరూ లేవలేదు కదా? అయితే వినండి.

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవంటే, ఈ చివర పుట్టిన గాలి ఆ చివరికి చేరేసరికి ముసలిదైపోయి దగ్గుతూ ఉండేది. ఆ అడవి నడుమ ఒక మడుగు. మడుగు ఒడ్డున ఒక ఇప్పచెట్టు. ఇప్పచెట్టు కింద ఒక కాలేజీ.

కాలేజీ అంటే కాలేజీయే, నవ్వకండి. జంతువులన్నీ అక్కడే చదువుకునేవి. మొదటి ఏడాది మొత్తం మూడే ప్రశ్నలు. ఈ మడుగులో ఎవరు ఎంతమంది ఉన్నారు? ఎవరు ఎవర్ని తిని బతుకుతున్నారు? ఎవరు లేకపోతే ఎవరు పస్తు? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగినవాళ్లే రెండో ఏడాదికి వెళ్లేవారు. చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ముసలివాళ్లయిపోయేవారు.

పాఠం చెప్పేది డిప్ప పంతులు. ఆయన తాబేలు. పక్కనున్న కొండ గులకరాయిగా ఉన్న రోజుల నుంచీ ఆయన అక్కడే ఉన్నాడు. కొండ పెద్దదైంది, ఆయన మాత్రం అంతే ఉన్నాడు.

ఆ మడుగుకు ఒక కట్టుబాటు ఉండేది. ఏటా వానలు మొదలవగానే కప్పల్ని లెక్కపెట్టాలి. ఎన్ని తేలితే అందులో పదింట ఒకటి ఆ ఏడాదికి కొంగల వాటా. అంతకు మించి కొంగలు ఒక్క కప్పను కూడా ముట్టకూడదు. కడుపు నిండకపోతే చేపలున్నాయి, మిడతలున్నాయి.

"కప్పలు దీనికెలా ఒప్పుకున్నాయి?" అంటారా? ఒప్పుకోక ఏం చేస్తాయి! కట్టుబాటు లేని రోజుల్లో కొంగలు ఇష్టం వచ్చినట్టు తినేవి. పోనీ కొంగలే లేకపోతే కప్పలు మరీ పెరిగిపోయేవి. అప్పుడు తిండి చాలక పెద్ద కప్పలు చిన్న కప్పల్నే మింగేవి. పదింట ఒకటి పోతే మిగిలిన తొమ్మిదీ కడుపునిండా దోమలు తిని, హాయిగా పాడుకుని, మళ్లీ గుడ్లు పెట్టేవి. ఏటా లెక్క వెయ్యికి కాస్త అటూ ఇటూగా తేలేది. అందులో వంద కొంగల వాటాకు పోయేవి.

చూశారా, వెయ్యి అన్నాను. ఇంకో మాట కలపలేదు. మిగతా సంగతుల్లో నా నోరు కాస్త జారితే జారుతుందేమో గానీ, కప్పల లెక్కలో మాత్రం ఒక్క కప్పను కూడా పెంచను. ఎందుకో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ఒక ఏడాది వానలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే అవతలి వాగు దగ్గర కొత్తగా పెట్టిన కాలేజీ నుంచి డిప్ప పంతులుకు పిలుపొచ్చింది. ఒక్క పూట వచ్చి పాఠం చెప్పి వెళ్లమన్నారు. పాఠం ఒక్క పూటే. కానీ వెళ్లడానికి పాతిక రోజులు, రావడానికి పాతిక రోజులు. ఆయన నడకే కదా మరి!

వెళ్లేముందు ఆయన కంపన్నను పిలిచాడు. కంపన్న ముళ్లపంది. మొదటి ఏడాది పిల్లల్లో అందరికంటే తెలివైనవాడు. ఆ సంగతి రోజుకు వందసార్లు తానే చెప్పుకునేవాడు. దుంపలు తిని బతికేవాడు కాబట్టి కప్పల పక్షమూ కాదు, కొంగల పక్షమూ కాదు.

"ఒరేయ్ కంపన్నా, ఈ ఏడు కప్పల లెక్క నీది" అన్నాడు పంతులు. "ఎలా పెడతావో చెప్పు."

కంపన్న గొంతు సవరించుకున్నాడు. "ఒక్కొక్క కప్పనూ లెక్కపెట్టడం కుదరదు, పంతులు గారూ. లెక్కపెట్టింది అటు గెంతుతుంది, పెట్టనిది ఇటు గెంతుతుంది. అందుకని ఒడ్డున ఉసిళ్లు చల్లుతాను. తినడానికి వచ్చినవాటిలో వంద కప్పల్ని పట్టి, వీపు మీద చుక్క పెట్టి వదిలేస్తాను. వారం తర్వాత మళ్లీ వంద పడతాను. వాటిలో చుక్క ఉన్నవి ఎన్నో చూస్తాను."

"పదింటికి చుక్క ఉంటే?"

"వందలో పది. అంటే మడుగు మొత్తం మీద పదింట ఒకదానికి చుక్క ఉన్నట్టు. నేను చుక్క పెట్టినవి వంద. కాబట్టి మొత్తం వెయ్యి."

"భేష్! అయితే మూడు మాటలు మరిచిపోకు" అన్నాడు పంతులు. "ఒకటి, చుక్క పెట్టినవి మిగతావాటితో బాగా కలిసిపోయేదాకా ఆగాలి. రెండు, ఆ వారం రోజులూ మడుగులోకి కొత్త కప్ప రాకూడదు, ఉన్న కప్ప పోకూడదు. కొంగలు నోరు కట్టుకోవాలి. మూడు, చుక్క చెరగకూడదు. కొండ అవతల నల్లజీడి చెట్టుంది. పూర్వం బట్టలుతికేవాళ్లు ఎవరి చీర ఎవరిదో తెలియడానికి గుర్తు పెట్టేది దాని గింజతోనే. చీర చిరిగినా ఆ గుర్తు పోదు. ఆవగింజంత పెట్టు, చాలు. ఎక్కువైతే పొక్కుతుంది."

"అంతా నాకు తెలుసు, పంతులు గారూ" అన్నాడు కంపన్న.

పంతులు బయలుదేరాడు. సాయంత్రానికి ఇప్పచెట్టు నీడ దాటాడు.

మర్నాడు కంపన్న కొండ వైపు నడిచాడు. దారిలో ఒక నేరేడు చెట్టు. పళ్లు నల్లగా, నిగనిగలాడుతూ, ఒక్కొక్కటి వంకాయంత ఉన్నాయి. కంపన్న ఆగాడు. తిన్నాడు. పొట్ట నేలకు ఆనేదాకా తిన్నాడు. నీళ్లు తాగడానికి వంగితే, నీళ్లలో తన నాలుక కనబడింది. ఊదాగా ఉంది. కడిగాడు, పోలేదు. ఇసకతో రుద్దాడు, పోలేదు.

"ఇంతకంటే గట్టి రంగేముంది?" అనుకున్నాడు కంపన్న. "ఎండలో కొండెక్కి, ఆ జీడి రసం తగిలి ముక్కు పొక్కించుకోవడం దేనికి? పంతులు గారు పాతకాలం మనిషి."

తాబేలును మనిషి అన్నాడేమిటని అడక్కండి. వాడు అన్నదే చెబుతున్నాను.

కంపన్న నేరేడు రసం దొప్పలో పిండుకున్నాడు. తన ముల్లొకటి పీకి అందులో ముంచాడు. ఉసిళ్లు చల్లాడు. కప్పలు వచ్చాయి. వంద కప్పలకు వీపు మీద ఊదారంగు చుక్క పెట్టాడు. ఆ వందలో గొంతమ్మ ఒకటి. గోదురు కప్పల్లో అందరికంటే పెద్దది. ఆమె ఒక్కసారి బెకబెకమంటే అవతలి కొండ మీద రాళ్లు దొర్లేవి.

"ఏం నాయనా, ఈసారి మంట పుట్టలేదే?" అంది గొంతమ్మ.

"కొత్త పద్ధతి అత్తా" అన్నాడు కంపన్న.

ఆ రాత్రి నుంచి వాన పట్టుకుంది. అదేం వాన! ఒక్కో చినుకు గుమ్మడికాయంత. మూడు రోజులు ఏకధాటిగా కురిసింది. చేపలు ఏది మడుగో ఏది ఆకాశమో తెలియక చెట్ల మీద ఈదాయి.

వారం గడిచింది. కంపన్న మళ్లీ ఉసిళ్లు చల్లి వంద కప్పల్ని పట్టాడు. ఒక్కొక్కదాన్నీ తిప్పి చూశాడు. చుక్క లేదు. చుక్క లేదు. చుక్క లేదు. చివరికి ఒకే ఒక్కదానికి చుక్క కనబడింది. ఆ కప్ప వాన మొదలవగానే రాతి కింద దూరి, వారమంతా అక్కడే నిద్రపోయింది.

కంపన్న వేళ్లు మడిచాడు. "వందలో ఒకటి. నేను పెట్టినవి వంద. అంటే వంద వందలు. పదివేలు!"

వాడి ముళ్లన్నీ సంతోషంతో నిక్కబొడుచుకున్నాయి. పక్కన నిలబడ్డ కుందేలు చెవికి గుచ్చుకున్నాయి కూడా. పదివేల కప్పలు! ఆ మడుగు పుట్టాక ఎవరూ తేల్చని లెక్క!

అప్పుడు గొంతమ్మ ముందుకొచ్చి వీపు తిప్పింది.

"నాయనా కంపన్నా, నన్ను సరిగ్గా చూడు. మొన్న నువ్వు నాకు చుక్క పెట్టావా లేదా? ఏదీ ఇప్పుడు? వానకు కొట్టుకుపోయింది. మా చెల్లెలిదీ పోయింది. మా మేనకోడలిదీ పోయింది. నువ్వు లెక్కపెడుతున్నది కప్పల్ని కాదయ్యా, వాన కడిగిన వీపుల్ని. మళ్లీ పెట్టు."

గొంతమ్మ చెప్పింది నిజమని కంపన్నకు ఆ క్షణంలోనే తెలిసింది. ఇదుగో, ఇక్కడ జాగ్రత్తగా వినండి. వాడి ముందు రెండు దారులున్నాయి. కొండెక్కి నల్లజీడి తెచ్చి లెక్క మళ్లీ మొదలుపెట్టొచ్చు. కానీ అప్పుడు నేరేడు రసం సంగతి అందరికీ చెప్పాలి. లేదంటే ఊరుకోవచ్చు.

అప్పటికే కుందేలు చెవి రుద్దుకుంటూ పరుగెత్తి, "పదివేలు! పదివేలు!" అని అడవంతా చాటేసింది. ఇప్పచెట్టు దగ్గర జంతువులు కంపన్నకు పూలదండ గుచ్చుతున్నాయి.

కంపన్న మెల్లగా అన్నాడు. "అత్తా, చుక్క కనబడకపోతే లేనట్టే. పలక మీద రాశాక రాసిందే."

రాతి పలక మీద పదివేలని రాశాడు. ఆ రోజు నుంచి అందరూ వాణ్ని పదివేల కంపన్న అని పిలవసాగారు.

కొంగల పెద్ద దూదమ్మ పలక చూసుకుంది. ఆమె మెడ ఎంత పొడుగంటే, పొద్దున మింగిన చేప పొట్టలోకి చేరేసరికి సాయంత్రమయ్యేది. ఆమె దొంగ కాదు. కట్టుబాటు తప్పే రకమూ కాదు. ఒక కప్పను తింటే ఒక గులకరాయి పక్కన పెట్టేది. ఏనాడూ ఒక్క రాయి తేడా రానివ్వలేదు.

"పదివేలలో పదింట ఒకటి. అంటే ఈ ఏడు మా వాటా వెయ్యి!" అంది దూదమ్మ. "ఇంత తిండి మేమొక్కరం ఏం చేసుకుంటాం? చుట్టాల్ని పిలుద్దాం."

పెద్ద చెరువు నుంచి చుట్టాలొచ్చారు. మడుగు చుట్టూ చెట్లన్నీ తెల్లబడిపోయాయి. మంచు పడిందనుకుని ఎలుగుబంటి పోయి గుహలో పడుకుంది. రోజుకు పాతిక కప్పల చొప్పున పోవడం మొదలైంది. గులకరాళ్ల గుట్ట పెరిగింది.

పది రోజులయ్యాక గొంతమ్మ దూదమ్మ దగ్గరికి వెళ్లింది. దూరంగానే నిలబడింది, పాపం.

"దూదమ్మా, లెక్క తప్పింది. మేం వెయ్యికి మించి లేం. నువ్వు తింటున్నది వాటా కాదు, మొత్తం."

"నేను తినేది పలక మీద ఉన్నదే కదా, గొంతమ్మా" అంది దూదమ్మ. "లెక్కపెట్టింది నేను కాదు. చదువుకున్నవాడు పెట్టాడు. నువ్వు చదువుకున్నావా?"

ఇరవై రోజులయ్యాక గొంతమ్మ మళ్లీ కంపన్న దగ్గరికి వెళ్లింది.

"మా చెల్లెలు పోయింది, నాయనా. ఇప్పుడైనా చెప్పు."

కంపన్న దుంప తింటున్నాడు. "పంతులు గారు రానీ అత్తా. ఆయనొచ్చాక చూద్దాం" అన్నాడు.

ముప్ఫై రోజులయ్యాక గొంతమ్మ మళ్లీ వెళ్లింది. వాడి ఎదురుగా కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. అప్పటికి ఆమె మేనకోడలు కూడా కొంగల పాలైంది.

ఈలోగా దోమలు పెరిగాయి. తినేవాళ్లు లేకపోతే పెరగవా మరి! ఒక్కో దోమ పిచ్చుకంత. జింకలు తోకలు ఊపీ ఊపీ, తోకలు ఊడిపోతాయేమోనని భయపడ్డాయి. కంపన్న తిప్పలు ఇంకా ఘోరం. ముక్కు మీద దోమ వాలితే కొట్టుకోవడానికి లేదు. కొట్టుకుంటే సొంత ముల్లే గుచ్చుకునేది. మిడతలైతే గడ్డిని వేళ్లదాకా కొరికేశాయి. దుంపల తీగలు ఎండిపోయాయి. కంపన్న తవ్వితే దారాల్లాంటి వేళ్లు దొరికాయి.

పలక మీద రాసిన నలభయ్యో రోజు సాయంత్రం డిప్ప పంతులు తిరిగొచ్చాడు. సన్నగా వాన పడుతోంది. ఇప్పచెట్టు కిందికి వచ్చి, తల బయటకు చాపి, చాలాసేపు విన్నాడు.

"ఇంత వానలో ఇంత నిశ్శబ్దమేమిటి?" అన్నాడు. "కప్పలేవీ?"

దూదమ్మ ముందుకొచ్చింది. ఆమె వెనకాల ఆమె పిల్లలు. కప్పలకు అలవాటుపడ్డ ఆ పిల్లలు మిడతల్ని ముట్టక రెండు రోజులుగా పస్తున్నాయి.

"నేనూ అదే అడగాలని చూస్తున్నాను, పంతులు గారూ" అంది దూదమ్మ. "పదివేలలో మేం తిన్నది తొమ్మిది వందల అరవై. రాళ్లు లెక్కపెట్టుకోండి, ఒక్కటి ఎక్కువ తినలేదు. మాకింకా నలభై రావాలి. అవి కాక తొమ్మిది వేలు మిగలాలి. ఏవీ? రెండు రోజులుగా మడుగంతా తిరుగుతున్నా, ఒక్కటి కనబడటం లేదు. నా పిల్లలు ఏం తినాలి?"

పంతులు పలక వైపు తిరిగాడు. చదివాడు. మళ్లీ చదివాడు.

"పదివేలా?" అన్నాడు. "ఒరేయ్, ఈ మడుగులో దోమలు వెయ్యి కప్పలకే బొటాబొటీగా సరిపోతాయి. పదివేలు ఏం తింటాయిరా? ఎక్కడ కూర్చుంటాయి? ఒకదాని నెత్తి మీద ఒకటి నిలబడతాయా? కంపన్నా, చుక్క దేనితో పెట్టావు?"

అందరి కళ్లూ కంపన్న మీద పడ్డాయి. వాడి మెడలో పూలదండ ఇంకా ఉంది, ఎండిపోయి.

"నేరేడు రసంతో" అన్నాడు కంపన్న.

"చెరిగిపోయిందని ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పడానికి వాడి నోరు ఒకసారి తెరుచుకుంది. అప్పుడే మడుగు గట్టున ఒక రాయి కదిలి, దాని కింద నుంచి గొంతమ్మ తల బయటపెట్టింది. చిక్కి సగమైపోయింది. ఆమె వెనకాల చీకట్లో ఇంకొన్ని కళ్లు మెరిశాయి.

కంపన్న తల దించుకున్నాడు. "లెక్కపెట్టిన రోజే తెలిసింది. అత్త చెప్పింది. నేనే ఊరుకున్నాను."

"దిద్దుకోలేని తప్పు కాదురా అది" అన్నాడు పంతులు. "కొండెక్కితే ఒక్క వారంలో పోయేది. నలభై రోజులు మోశావు."

రాళ్ల కింద ఉన్న కప్పల్ని పిలిచారు. ఇప్పుడు చుక్కలూ అక్కర్లేదు, ఉసిళ్లూ అక్కర్లేదు. కుందేలు కూడా లెక్కపెట్టగలిగింది. ముప్ఫై ఒకటి. దూదమ్మకు రావలసినవాటికి కూడా తొమ్మిది తక్కువ.

దూదమ్మ గులకరాళ్ల గుట్టను చూసింది. ముప్ఫై ఒక్క కప్పల్నీ చూసింది. ఆమె మెడ మెల్లగా వంగిపోయింది.

"ఒక్కటి కూడా ఎక్కువ తినలేదనుకున్నాను" అంది.

ఆ సాయంత్రమే చుట్టాల్ని పంపేసింది. ఆ ఏడూ, పై ఏడూ కొంగలేవీ కప్పను ముట్టకూడదని నిర్ణయమైంది. దూదమ్మ పిల్లల్ని మిడతల మీదికి తోలింది. మిడతలు ఎంత లావెక్కాయంటే, ఒక్కోదాన్ని ఇద్దరు పిల్లలు పంచుకోవాల్సి వచ్చింది.

"కప్ప ఒక్కసారికి వేల గుడ్లు పెడుతుంది కదా, పంతులు గారూ. వచ్చే ఏడుకి అన్నీ తిరిగొచ్చేస్తాయి కదా?" అని ఆశగా అడిగాడు కంపన్న.

"గుడ్లు వేలు. తోకకప్పలు వందలు. పెద్దయ్యేవి మూడో నాలుగో" అన్నాడు పంతులు. "పోవడానికి నలభై రోజులు పట్టింది. రావడానికి ఏళ్లు పడుతుంది. నువ్వు మొదటి ఏడాదిలోనే ఉంటావు."

ఏడాది తిరిగింది. మళ్లీ వానలొచ్చాయి. ఎవరూ చెప్పకుండానే కంపన్న కొండెక్కాడు. నేరేడు చెట్టు కింద నుంచే వెళ్లాడు, తలెత్తి చూడలేదు. నల్లజీడి గింజలు తెచ్చాడు. రసం తగిలి వాడి ముక్కు పొక్కి దోసకాయంత అయింది.

ఒడ్డున ఉసిళ్లు చల్లాడు. అందరికంటే ముందు గొంతమ్మ వచ్చి, వీపు తిప్పి కూర్చుంది. కంపన్న ముల్లును జీడి రసంలో ముంచాడు.

"మంట పుడుతుంది అత్తా" అన్నాడు.

"పుట్టనీ. ఈసారి చెరగనిది పెట్టు" అంది గొంతమ్మ.

కంపన్న ముప్ఫై కప్పలకు చుక్క పెట్టాడు. వారం ఆగాడు. మళ్లీ ముప్ఫై పట్టాడు. ఆరింటికి చుక్క ఉంది. అంటే అయిదింట ఒకటి. ముప్ఫైకి అయిదు రెట్లు నూట యాభై. నమ్మకం కుదరక, ఇంకో వారం ఆగి మళ్లీ పట్టి చూశాడు. అంతే వచ్చింది. అప్పుడు పలక మీద పదివేలని ఉన్నదాన్ని రాయి పెట్టి గీకి, దాని చోట నూట యాభై అని రాశాడు.

పూలదండ ఎవరూ తేలేదు. కానీ ఆ సాయంత్రం వానలో గొంతమ్మ గొంతు విప్పింది. మిగతా నూట నలభై తొమ్మిది గొంతులు తోడయ్యాయి. వెయ్యి గొంతులంత కాదు. అయినా మడుగంతా వినబడింది. కంపన్న పలక పక్కన కూర్చుని, వాచిన ముక్కుతో, చివరిదాకా విన్నాడు.

నీతి: తప్పని తెలిసిన లెక్కను ఆ పూటే దిద్దుకోవాలి; లేకపోతే మనం సిగ్గుపడి దాచిన తప్పుకు వేరేవాళ్లు ప్రాణాలు పెట్టాల్సి వస్తుంది.

ఇక లేవండి. ఇదుగో, ఆ చివర నవ్వుతున్నదానా, నువ్వే. దొడ్లో పాత రుబ్బురోలు గుంటలో వాన నీళ్లు నిలిచాయి. అందులో కప్పలెన్ని ఉన్నాయో చూసిరా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. పెంచి చెప్పడానికి ఇంట్లో నేనున్నాను.